మహనీయుల వీపులు

మార్చి పదకొండు, మంగళవారం, ముసురు పట్టిన ఉదయం. అచ్చుయంత్రం గదిలో ఉన్నవారు: మ్యూజియంలో విగ్రహాల వివరాలు రాసే పండితుడు, ఆ ప్రెస్సు నడిపే అతని బావమరిది, బావమరిది కొత్త కంప్యూటరు. ముగ్గురిలో ఎవరికీ దురుద్దేశం లేదు.

మ్యూజియాన్ని ఉంచాలా, మూసేయాలా అని తేల్చడానికి మధ్యాహ్నం కమిటీ వస్తోంది. ఆలోగా విగ్రహాల ముఖాల ఫొటోలతో ఒక పుస్తకం అచ్చువేసి వారి ముందు పెట్టాలి. మూసేస్తే పండితుణ్ణి ఫిర్యాదుల కౌంటరుకు బదిలీ చేస్తారు. మనిషి ఎదురైతే దారి మార్చుకునే అతనికి అది యావజ్జీవ శిక్షే.

ప్రతి విగ్రహానికీ ముఖం ఒక ఫొటో, రికార్డు కోసం వీపు ఒక ఫొటో. రెండు ఫైళ్ళకూ పేరు ఒకటే; ముఖానికి ఇంగ్లీషు పెద్దక్షరాలు, వీపుకు చిన్నక్షరాలు. మర్యాదను బట్టి అతను పెట్టుకున్న పద్ధతి అది. మ్యూజియం కంప్యూటరు ఆ తేడాను పాటించి రెండింటినీ విడివిడిగా దాచేది. బావమరిది కంప్యూటరుకు అక్షరం పెద్దదైనా చిన్నదైనా ఒకటే.

"బావగారూ, ఈ పేరుతో ముందే ఒక ఫొటో ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టనా అంటోంది."

"దేన్ని తీసేసి?"

"ఏమో! ప్రతిదానికీ అదే ప్రశ్న, ప్రాణం తీస్తోంది. అన్నింటికీ సరే అనేశాను."

"నువ్వు సరే అన్నప్పుడల్లా నాకు గుండె జారుతుందిరా."

"మీ గుండె జారని రోజు ఒకటి చెప్పండి బావగారూ!"

ముందు వెళ్ళిన ముఖాలను వెనక వచ్చిన వీపులు మింగేశాయి. పండితుడు అచ్చుప్రతిని మూడుసార్లు చదివాడు. చదివాడే గాని బొమ్మలు చూడలేదు. ఒక కామాను సరిచేసి తృప్తిపడ్డాడు.

మధ్యాహ్నం కమిటీ అధ్యక్షురాలు పుస్తకం తెరిచి పైకి చదివింది: "'ఈ కళ్ళలోని కరుణను గమనించండి.' ఎక్కడండీ కళ్ళు?" పేజీ నిండా ఒక మహనీయుని బట్టతల వెనుక భాగం. తరువాతి పేజీలో 'పెదవులపై విరిసీ విరియని చిరునవ్వు' అన్న వాక్యం పైన శాలువా కప్పిన ఒక వీపు.

మ్యూజియం డైరెక్టరు పండితుడి చెవిలో పళ్ళు కొరికాడు. "పండితులవారూ, మా మీద ఏమైనా పగా?"

"అక్షరాల్లో పెద్దా చిన్నా తేడా..."

"అక్షరాలు బాగానే ఉన్నాయి. తలకాయలే అటు తిరిగాయి!"

అధ్యక్షురాలు పుస్తకం మూసి, లేచి విగ్రహాల హాల్లోకి నడిచింది. కమిటీ అంతా ఆమె వెంట వెళ్ళింది. ఏళ్ళ తరబడి సమావేశాలకు వస్తున్నవాళ్ళు ఏనాడూ ఆ గడప దాటలేదు. ఇప్పుడు ప్రతి విగ్రహం ముందుకూ వెళ్ళి, ముఖంలోకి తొంగిచూసి, చీకటి పడేవేళకు గాని తిరిగి రాలేదు.

"ముఖాలు వేసుంటే కుర్చీల్లోనే చూసేసి ఇంటికి పోయేవాళ్ళం," అందామె. "మ్యూజియం ఉంటుంది. ఇంత తెలివైన మనిషిని గదిలో కూర్చోబెడతారేమిటండీ? రేపటి నుంచి ఈయన గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకి విగ్రహాల గురించి చెప్పాలి."

"అందరికీనా అండీ?" అన్నాడు పండితుడు.

"అందరికీ. పిల్లలకైతే రెండుసార్లు."

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. పండితుడు సంతకం చేసి, తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, లోపలి జేబులో పెట్టుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి, అవి ఆనందబాష్పాలేనని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.