ప్రేమ ఉన్నచోటల్లా పంది

ఆ శనివారం పొద్దున మఫి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం చర్చి హాల్లో తెల్లగుడ్డ కట్టి, తన మొదటి సినిమా ఊరికి చూపించాలి. వవావు దీవిలో మేనత్త మాటంటే మాటే. లవినియా అత్త ముందే తేల్చి చెప్పింది: "జనం కడదాకా ఉంటే సినిమాలు తీసుకో. లేచి వెళ్లిపోయారా, సోమవారం నుంచి మీ బాబాయి వెనీలా తోటలో పని."

అందుకని టీ తాగుతున్న అత్తకే ముందుగా సినిమా వేసి చూపించాడు. కథానాయకుడు కథానాయిక చెయ్యి పట్టుకోగానే ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"ఒరేయ్, నీకు మతి పోయిందా? హాల్లో అన్నలుంటారు, చెల్లెళ్లుంటారు. ఒక్కచోట కూర్చుని ఇది చూస్తారా?"

"చెల్లెళ్లెవరత్తా? అంతా వేలు విడిచిన చుట్టాలేగా!"

"మనకి వాళ్లూ చెల్లెళ్లే. మగాళ్లంతా సిగ్గుతో లేచి వెళ్లిపోతారు. తీసెయ్."

తీసేస్తే పాట మిగిలింది, బొమ్మ లేదు. షూటింగులో పిలవకుండా వచ్చి కెమెరా ముందు తిరిగిన ఒక పంది తప్ప మఫి దగ్గర వేరే బొమ్మ ఏదీ లేదు. దాన్నే అతికించాడు. చిరునవ్వు కూడా కుదరదంది అత్త. అక్కడా పంది. ఓరచూపు? అదీ పందే. మధ్యాహ్నానికి చూస్తే కథానాయిక కంటే పంది ఎక్కువసేపు కనిపిస్తోంది. మఫికి ఏడుపొచ్చింది గానీ, ప్రేక్షకుల కోసమే కదా అని గుండె రాయి చేసుకున్నాడు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. తెర మీద అతను ఆమెకి ఎదురొచ్చాడు, పాట మొదలైంది, పంది వచ్చింది. జనం తెల్లబోయారు. ఇద్దరూ మళ్లీ దగ్గరయ్యారు, మళ్లీ పంది వచ్చింది. ముందు వరసలో ఒక ముసలమ్మ కిసుక్కున నవ్వింది.

"అయ్యయ్యో! అది పంది కాదే, ముద్దు!"

అంతే. మూడోసారి తోక కనబడిందో లేదో, మగవాళ్లంతా తలలు దించుకుని బిలబిలమంటూ బయటికి నడిచారు. ఆడవాళ్లు విసనకర్రలు ముఖాలకి అడ్డం పెట్టుకున్నారు. పంది మాత్రం తీరిగ్గా బురదలో దొర్లుతోంది.

"ఛీ ఛీ, మరీ ఇంత పచ్చిగానా!" అన్నాడు పాస్టరు, వెళ్తూ వెళ్తూ.

మఫి కుర్చీలో కూలబడ్డాడు. "తోటకి ఏ బట్టలు వేసుకెళ్లాలత్తా?" అన్నాడు నీరసంగా.

అత్త కిటికీల వైపు చూపించింది. వెళ్లినవాళ్లలో ఒక్కడూ ఇంటికి చేరలేదు. కిటికీ కిటికీకీ తలలు వేలాడుతున్నాయి.

"ఒరేయ్ మఫీ, పంది మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని బయటి నుంచి ఎవరో అరిచారు.

"నువ్వు సినిమాలే తీసుకోరా," అంది అత్త నవ్వాపుకుంటూ. "తోటలో పూలకి చేత్తో పుప్పొడి అద్దాలి. పందిని కూడా పచ్చిగా చేసిన నీ చేతికి ఆ పని మాత్రం ఇవ్వను."

మర్నాటి నుంచి, చర్చికి వెళ్లే దారిలో పంది ఎదురైతే చాలు, ఆ ఊరి అన్నాచెల్లెళ్లు చెరో పక్కకి తిరిగి నడుస్తున్నారు.