ఆరని బ్రేకు లైటు వెనుక అజ్ఞాత హస్తం

"ఈ భూమ్మీద అసలు సిసలు డిటెక్టివులు ఇద్దరే పుట్టారు బావా! ఒకడెవరో ఇంకా తేలలేదు. రెండోవాడు నీ ఎదురుగా నిలబడి ఉన్నాడు."

ఆ రెండోవాడు నడుముకి లైనింగు గుడ్డ చుట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి ప్యాంటు నా కుట్టు మిషను మీద ఉంది, జిప్పు పోయింది. వాడు మా ఆవిడకి స్వయానా తమ్ముడు కాబట్టి ఊరికే వేసిపెడుతున్నాను. జిరాక్స్ కొట్టు పెట్టుకుని, వచ్చినవాళ్ల కాగితాలన్నీ చదివి అనుమానించడం వాడి వృత్తి. వీధంతా వాణ్ణి భూతద్దం అంటుంది. వాడది బిరుదనుకుంటాడు.

"ఇంతవరకూ ఎన్ని కేసులు తేల్చావురా?" అన్నాను.

"తేల్చడం పోలీసుల పని. నాది అనుమానించడం."

అంతలో మా అక్క వచ్చింది. భూతద్దం గభాలున పరదా వెనక్కి దూరాడు. అక్క నర్సు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకి మోపెడ్ మీద వెళ్లి పుళ్లు కడిగి కట్లు కట్టి వస్తుంది, రోజుకి తొమ్మిది ఇళ్లు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, వస్తూనే స్టూలు మీద కూలబడింది.

"మళ్లీ ఫెయిలయిందిరా తమ్ముడూ!"

విషయం ఇదీ. రోడ్డెక్కే ప్రతి బండికీ లైట్ల తనిఖీ ఉంటుంది. ముందు లైటు, వెనక ఎర్ర లైటు, నంబరు పలక మీద లైటు, అన్నీ వెలగాలి. బ్రేకు లైటు మాత్రం బ్రేకు నొక్కినప్పుడే వెలగాలి, వదలగానే ఆరిపోవాలి. అక్క బండిది నొక్కకుండానే వెలుగుతోందట. ఒకసారి కాదు, రెండుసార్లు ఇన్‌స్పెక్టరు తిప్పి పంపాడు. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే శుభ్రంగా పనిచేస్తోంది. తనిఖీకి తీసుకెళ్తే మొండికేస్తోంది.

"ఇవాళ మూడు గంటలకి ఆఖరి తనిఖీ. ఈసారీ తప్పితే నంబరు పలక పీకేస్తారు. బండి లేకపోతే ఉద్యోగం లేదని మా ఆఫీసులో చెప్పేశారు." అక్క ఒళ్లోని మందుల సంచీ దగ్గరికి లాక్కుంది. "నా ఉద్యోగం సంగతి సరే, ఆ మూలింటి మామ్మ కాలికి ఎవరు కట్టు కడతార్రా? ఆవిడ నన్ను తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వదు."

పరదా వెనక నుంచి గంభీరంగా ఒక గొంతు వినిపించింది. "ఇది లైటు కాదు వదినా. ఇది సంకేతం!"

"పరదా మాట్లాడుతోందేమిట్రా?" అంది అక్క.

"ఎవడో నీ బండిని పావుగా వాడుకుంటున్నాడు! మెకానిక్కు చూస్తుంటే ఆరుతుంది, ఇన్‌స్పెక్టరు చూస్తుంటే వెలుగుతుంది. దీని వెనక ఒక అజ్ఞాత హస్తం ఉంది!"

"మరిదిగారూ, ముందు ప్యాంటు తొడుక్కో. తర్వాత హస్తం సంగతి చూద్దాం."

పావుగంటలో ముగ్గురం మెకానిక్కు షెడ్డులో ఉన్నాం. అక్క బండి స్టాండు వేసి, అలవాటు ప్రకారం మందుల సంచీ భుజాన వేసుకుని నిలబడింది. ఆ సంచీని ఆవిడ ఎక్కడా వదలదు, కింద పెట్టదు. పుండు మీద వేసే దూది అందులో ఉంటుంది మరి.

భూతద్దం మెకానిక్కు ముఖంలో ముఖం పెట్టాడు. "ఈ లైటును ఆఖరిసారి ముట్టుకున్నది ఎవరు?"

"నేనేనండీ. నిన్న."

"బావా, రాసుకో! నేరం ఒప్పుకున్నాడు!"

"ఒప్పుకోవడమేంటండీ బాబూ, మెకానిక్కుని. లైటు ముట్టుకోకపోతే ఏం ముట్టుకోను?" అని అతను బ్రేకు నొక్కాడు. లైటు వెలిగింది. వదిలాడు. ఆరింది. పదిసార్లు చేశాడు. పదిసార్లూ బుద్ధిగా ఆరింది. భూతద్దం మాత్రం మెకానిక్కు నిన్న మార్చి పడేసిన పాత బల్బును సాక్ష్యంగా జేబులో వేసుకుని, దారిలో కొట్టు తీసి దాన్ని మూడు కాపీలు జిరాక్స్ తీశాడు. మూడింటిలోనూ ఒక నల్లటి మచ్చ పడింది. "హంతకుడి నీడ" అన్నాడు. ఇందులో హత్య ఎవరిదో నేనడగలేదు, ఓపిక లేక.

మూడు గంటల తనిఖీకి మైదానానికి బయలుదేరాం. ముందు అక్క, వెనక నా స్కూటరు మీద మేమిద్దరం. దారి పొడుగునా అక్క బండి బ్రేకు లైటు కణకణలాడుతూనే ఉంది.

"చూశావా బావా, మనకి కన్ను గీటుతోంది!"

"నోర్ముయ్యరా. అక్క కొంప మునుగుతోందిక్కడ."

మైదానంలో బళ్లు వరసగా నిలబడ్డాయి. ఇక్కడ ఎవరూ బండి దిగకూడదు, హ్యాండిలు పట్టుకుని కూర్చోవాలి. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క బండి చుట్టూ తిరిగి, అక్క దగ్గరికొచ్చి నిట్టూర్చాడు.

"అమ్మా, బ్రేకు వదలండి."

"వదిలే ఉన్నాను సార్!" అక్క రెండు చేతులూ పైకెత్తి చూపించింది. లైటు వెలుగుతూనే ఉంది.

"నేనేం చెయ్యనమ్మా? ఇది మూడోసారి. మీరు ఆగారో, వెళ్తున్నారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? వచ్చి గుద్దేస్తే?" అని పలక విప్పే మనిషిని పిలిచాడు. అక్క ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడు భూతద్దం ముందుకి దూకాడు. "ఆగండి! ఈ నేరసామ్రాజ్యాన్ని కూకటివేళ్లతో..."

మిగతా మాట గాల్లో ఉండగానే కాలు స్టాండుకి తగిలింది. పడబోతూ చేతికందిందల్లా పట్టుకున్నాడు. అందింది అక్క హ్యాండిలుకి తగిలించుకున్న మందుల సంచీ. సంచీతో సహా బొక్కబోర్లా పడ్డాడు.

లైటు ఆరిపోయింది.

మైదానం మొత్తం నోరెళ్లబెట్టింది. ఇన్‌స్పెక్టరు సంచీని నెమ్మదిగా తీసి మళ్లీ హ్యాండిలుకి తగిలించాడు. వెలిగింది. తీశాడు. ఆరింది. సంచీ పట్టీ బ్రేకు కడ్డీ మీదుగా పోతోంది, ఆ బరువుకి కడ్డీ కొద్దిగా నొక్కుకుంటోంది. షెడ్డులో దిగగానే అక్క సంచీ భుజానికి ఎత్తుకుంటుంది కాబట్టి అక్కడ లైటు బుద్ధిగా ఉండేది.

"అందుకా బండి ఈసురోమంటూ నడిచేది!" అని అక్క ఏడుస్తూనే నవ్వింది. "నేను బండి పాడైందనుకున్నానే!"

ఇన్‌స్పెక్టరు పాసు ముద్ర కొట్టి, నేల మీదున్న భూతద్దాన్ని గౌరవంగా లేవనెత్తాడు. "అద్భుతం సార్! మా వాళ్లెవరికీ తట్టలేదు. ఎలా కనిపెట్టారు?"

ఇక వీడి డప్పు ఆపేదెవరు? కానీ వాడు అక్క చెంపల మీద తడి చూశాడు, చీరుకుపోయిన తన మోచెయ్యి చూసుకున్నాడు, తల దించుకున్నాడు.

"నేనేం కనిపెట్టలేదండీ. కాలు తట్టుకుని పడ్డాను."

"గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చప్పట్లు మోగాయి. అక్క వాడి మోచేతికి కట్టు కట్టి, "మరిదిగారూ, ఇంత వినయం ఎప్పుడు నేర్చుకున్నావయ్యా?" అని తల నిమిరి, సంచీ వీపుకి తగిలించుకుని మామ్మ ఇంటికి బయలుదేరింది. గేటు దగ్గర బ్రేకు వేస్తే లైటు వెలిగింది. వదిలితే ఆరింది. నాకు కళ్లు చెమర్చాయి, దాచేదేముంది.

తిరిగి చూస్తే భూతద్దం చుట్టూ జనం మూగి ఉన్నారు. ఒకావిడ తన పిల్లి తప్పిపోయిందంటోంది. ఇన్‌స్పెక్టరు తన గొడుగు గురించి చెవిలో ఏదో చెప్తున్నాడు. వాడు అందరినీ తోసుకుని నా దగ్గరికొచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"నిజంగానే పడ్డాను బావా! ఒట్టు! ఒక్కళ్లూ నమ్మరేంటి?"

"నేను నమ్మాన్రా" అన్నాను.

ఆరేళ్లుగా వాడు చెప్పినవాటిలో నేను నమ్మిన మొదటి మాట అదే.