నువ్వుగింజంత గ్రీజు

పొద్దున్నే కాఫీ తాగి, కెమెరా పెట్టె రబ్బరు రింగుకి గ్రీజు రాసుకుని, ఎండ ముదరకముందే భీమరాజుగారి రొయ్యల చెరువు దగ్గర ఉండాలన్నది ఉదయ్‌భాస్కర్ ప్లాను. భీమవరంలో చేస్తున్న ఉద్యోగం మానేసి, చెరువు అడుక్కి కెమెరా దించి రొయ్యల బాగోగులు చూపించే పని పెట్టుకున్నాడతను. ఇప్పటిదాకా పిలిచినవాళ్ళంతా బంధువులే. చెరువు చూపించుకుని, కాఫీ ఇచ్చి పంపేశారు. భీమరాజుగారికి నచ్చితే ఆయన చెరువులన్నీ ఇతని చేతికొస్తాయి. నచ్చకపోతే పాత ఆఫీసుకి వెళ్ళి పాత మేనేజరుకి కొత్తగా నమస్కారం పెట్టాలి.

కెమెరా నీళ్ళు తాగకుండా కాపాడేది దాని ప్లాస్టిక్ పెట్టె మూత చుట్టూ ఉండే నల్ల రింగు. దాన్ని కడిగి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టి, పక్కన గ్రీజు ట్యూబు పెట్టాడో లేదో ఫోను మోగింది.

"రేపు పట్టుబడి పెట్టేస్తన్నానండి, ఉన్నకాడికి రొయ్యలు పట్టించి అమ్మేస్తాను," అన్నారు అవతల భీమరాజుగారు. "ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంటోంది. జబ్బో, చచ్చాయో! ఐసు బండికి కూడా చెప్పేశాను. పట్టేముందు ఒక్కసారి మీ కెమెరా ఏం చెబుతుందో చూద్దామనీ..."

"ఇదిగో, వచ్చేస్తున్నానండి!"

స్నానాల గదిలోకి పరిగెడుతూ కేకేశాడు. "ఫణీ, ఆ రింగుకి కాస్త గ్రీజు రాసి పెట్టవూ! నువ్వుగింజంతే సుమా. ఎక్కువైతే లీకవుతుంది!"

ఫణిశ్రీ పప్పుకి తిరగమోత పెడుతోంది. "అత్తయ్యగారూ, మీరు రాసేద్దురూ," అంది.

సీతారామలక్ష్మిగారు ట్యూబుని అటూ ఇటూ తిప్పి చూశారు. అది ఆవిడ చిటికెన వేలంత లేదు. వియ్యాలవారి విస్తట్లో నెయ్యి చెంచాతో వడ్డించారని ఒక ఇంటివాళ్ళ గురించి ఇప్పటికీ ఎగతాళిగా చెప్పుకునే ఊరు ఆవిడది. నువ్వుగింజంత అన్న మాట వినడానికే ఆవిడకి సిగ్గేసింది. "పాపం, వాడి దగ్గర నిండుకున్నట్టుంది," అనుకుని, పప్పులోకి కరగబెట్టిన నెయ్యిలో రెండు వేళ్ళు ముంచి, చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు రింగుకి పట్టించి, దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు.

ఫణిశ్రీ వచ్చి చూసేసరికి రింగు కారిపోతోంది. అత్తగారిని ఏమీ అనలేక, కొత్త టర్కీ టవలు తెచ్చి శుభ్రంగా తుడిచింది. టవలు తన నూగులో సగం రింగుకి ఇచ్చేసింది. ట్యూబు అందుకోబోతుంటే కుక్కరు కూసింది.

దేవుడి గదిలోంచి వచ్చిన సీతారామలక్ష్మిగారికి పొడి రింగు కనిపించింది. "రాసిందంతా తాగేసిందే, ఎన్నాళ్ళ ఆకలో!" అని ఈసారి గిన్నే తెచ్చుకున్నారు.

స్నానం చేసి వచ్చిన ఉదయ్‌భాస్కర్ మెరుస్తున్న రింగుని చూసి పెళ్ళాన్ని మనసులో మెచ్చుకున్నాడు. మొగుడు పెట్టె మూస్తుంటే చూసిన ఫణిశ్రీ, గ్రీజు ఆయనే రాసుకున్నారనుకుంది. ముగ్గురూ ఎవరి పని వాళ్ళు చక్కగా చేశామన్న తృప్తితో ఉన్నారు.

చెరువులో కెమెరా దిగింది. ఫోను తెర మీద మొదట ఆకుపచ్చ చీకటి. అందులోంచి ఒక మీసం. తర్వాత నాలుగు మీసాలు. ఆ తర్వాత తెరంతా రొయ్యలే.

"ఓరి నాయనో, ఇన్ని ఎక్కడివండీ!" భీమరాజుగారు ఫోను లాగేసుకున్నారు. "చచ్చాయనుకున్నవి పెళ్ళి బంతికి తోసుకొచ్చినట్టు వస్తన్నాయేంటి!"

ఉదయ్‌భాస్కర్ కాలరు సర్దుకునేలోపు తెర మీద బుడగలు లేచాయి. వెంటనే నలుపు. పైకి లాగితే పెట్టెనిండా నీళ్ళు, నీళ్ళ మీద పచ్చటి తెట్టు.

భీమరాజుగారు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "ఇది నెయ్యి కదండీ!"

అతను ఫోను వెనక్కి తీసుకుని ఇంటికి కలిపాడు. "అమ్మా, రింగుకి ఏం రాశావే?"

"నెయ్యిరా. ఏం, చాల్లేదా?"

పాత మేనేజరు చిరునవ్వు ఉదయ్‌భాస్కర్ కళ్ళముందు కదిలింది. "రాజుగారూ, పొరపాటైపోయిందండి..."

రాజుగారు వినడంలేదు. గట్టు మీది మేత బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసి, విసిరికొట్టారు. "ముక్కిపోయింది! జబ్బు రొయ్యకి కాదండీ, మేతకి. నెయ్యికి ఎగబడేదానికి జబ్బేంటి, ఆకలి గాని!" ఐసు బండి వద్దని అక్కణ్ణించే ఫోను చేశారు. "కొత్త కెమెరా నేను కొంటాను. అన్ని చెరువులూ మీరే చూడండి. ఒక్కటే షరతు. ఆ నెయ్యి మీ అమ్మగారి చేత్తోనే రాయించాలి."

ఇప్పుడు పెట్టె లోపలి రింగుకి గ్రీజు ఉదయ్‌భాస్కర్ రాస్తాడు. రొయ్యల్ని రప్పించడానికి పెట్టె బయట కట్టే గుడ్డముక్కకి నెయ్యి సీతారామలక్ష్మిగారు పట్టిస్తారు, చేతికి అడ్డూ ఆపూ లేకుండా. ఇంట్లో కాచిన నెయ్యంతా చెరువుల దారే పడుతోంది.

మొన్న మధ్యాహ్నం ముద్దపప్పు కలుపుకుని నెయ్యి కోసం చెయ్యి ఆపాడతను. ఫణిశ్రీ చెంచా కొసని అన్నానికి తాకించి తీసేసింది.

"ఏంటే ఇది?"

"నువ్వుగింజంతేనండీ. ఎక్కువైతే లీకవుతుందని మీరేగా చెప్పారు!"