మామగారి మోకాలికి పటాలం సెల్యూట్

ఉప్పు మానండి, పంచదార తగ్గించండి, సిగరెట్టు ముట్టకండి అని డాక్టర్లు పొద్దస్తమానం చెబుతుంటారు. పాపం, వాళ్ళకి అసలు విషయం తెలీదు. మనిషి ఆరోగ్యాన్ని వీటన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది ఒక మాట. ఆ మాట ‘ఎందుకు?’

నవ్వకండి! బాగా ఆలోచించే అంటున్నాను. ఎందుకు అని అడిగినవాడికి నిద్ర పట్టదు, ప్రమోషన్ రాదు, ఇంట్లో కాఫీ వేళకు అందదు. అడగనివాడు హాయిగా తల ఊపుకుంటూ రిటైరైపోయి, మెడలో దండతో ఫొటో దిగి, ఆ ఫొటోను హాల్లో తగిలించుకుంటాడు. మీకు ఏ బతుకు కావాలో మీరే తేల్చుకోండి.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా ఊరి చివరి పాత పటాలానికి వెళ్ళి చూడండి. ఎర్ర ఇటుకల బ్యారక్సు, మధ్యలో పరేడ్ మైదానం, గేటు పక్కన పేలడం మానేసిన ఫిరంగి. ఆ గోడల లోపల ‘ఎందుకు’ అన్న మాట వినపడి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు లేరు. అందుకే అక్కడ అందరి ముఖాలూ అంత ప్రశాంతంగా ఉంటాయి.

సైన్యం గురించి మాట్లాడటానికి నీకేం అర్హత ఉందని అడుగుతారేమో. చూశారా, అప్పుడే మొదలుపెట్టారు! సరే, చెబుతాను. బస్సులో సీటు దొరక్కపోతే నాకు నడుం పట్టేస్తుంది. టపాకాయ పేలితే రెండు చెవులూ మూసుకుంటాను. కానీ బ్యాండు మోగిందంటే నా పొట్ట దానంతట అదే లోపలికి పోతుంది, కాసేపే అనుకోండి. పైగా ఆ పటాలంలో డ్రిల్ మాస్టారుగా చేసినాయన కూతుర్ని పెళ్ళాడాను. కాబట్టి సైనిక చరిత్ర మీద నాకు హక్కుందని ఒక నమ్మకం. ఆ నమ్మకం నా ఒక్కడిదే.

అక్కడి సంప్రదాయాలు వింటే మీకు కళ్ళు చెమరుస్తాయి. పటాలం విందు జరిగినప్పుడల్లా కమాండరుగారి కుర్చీ వెనక ఒక సిపాయి నిండు నీళ్ళ బకెట్టు పట్టుకుని నిలబడతాడు. పూర్వం ఒక కమాండరుగారు సూపు తాగడానికి ముందుకు వంగితే కొవ్వొత్తి మంట మీసానికి అంటుకుందట. ఇప్పుడు కొవ్వొత్తులు పోయి ట్యూబులైట్లు వచ్చాయి. ఇప్పటి కమాండరుగారికి అసలు మీసమే లేదు. బకెట్టు మాత్రం ఉంది! ఆ బకెట్టు మోసి మోసి ఒక భుజం కిందికి జారినవాళ్ళకి సరిపోయేలా కోటు కుట్టే దర్జీ కూడా ఉన్నాడు.

ఇది ఇంకా చిన్నది. ఒకప్పుడు అది గుర్రాల పటాలం. గుర్రాలు ఎప్పుడో పోయాయి. అయినా పరేడులో ఒకాయన ఉత్త కళ్ళెం పట్టుకుని గంభీరంగా నడుస్తాడు. ఆయన వెనక పార పట్టుకుని ఇంకొకాయన నడుస్తాడు. గుర్రం నడిచిన చోట శుభ్రం చేయడం ఆయన డ్యూటీ. లేని గుర్రం ఏమీ వెయ్యదు కదా, ఆయన మాత్రం నేలంతా పరీక్షగా చూసుకుంటూ, అక్కడక్కడా ఆగి, తృప్తిగా తలాడించి ముందుకు సాగుతాడు. తన పనిలో ఒక్క లోపమూ లేదని అంత గట్టిగా చెప్పుకోగల ఉద్యోగి మీ ఆఫీసులో ఉన్నాడా?

ఈ విధానాన్ని నేను మా ఇంట్లో కూడా అమలు చేశాను. తడి తువ్వాలు మంచం మీద ఎందుకు పడేశారని మా ఆవిడ అడిగితే, “సంప్రదాయం” అన్నాను.

“అలాగా, ఇంకో సంప్రదాయం కూడా ఉంది. పడేసినవాళ్ళే ఆ మంచం మీద పడుకోవాలి” అంది.

డ్రిల్ మాస్టారి కూతురు మరి! ఆ తడి మంచం మీద పడుకుని చరిత్ర గురించి చాలాసేపు ఆలోచించాను.

ఇక పటాలానికి మకుటం లాంటి సంప్రదాయం గురించి చెప్పాలి. దాని పేరు వీరనడక. పరేడు చివర సిపాయిలందరూ ఎడమ బూటు మడమతో ఒకసారి, మునివేళ్ళతో ఒకసారి చప్పుడు చేసి, ఆ వెంటే కుడికాలిని నేలమీద ఈడుస్తారు. టక్, టక్, సర్‌ర్. టక్, టక్, సర్‌ర్. మైదానం నిండా అన్ని బూట్లు ఒక్కసారి ఈడిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కిందటేడు పటాలం వార్షికోత్సవానికి ఒక సంచిక వేస్తూ, వీరనడక చరిత్ర రాయమని కమాండరుగారు నన్నే అడిగారు. నేను రెచ్చిపోయాను. మోకాలికి గుండు దెబ్బ తగిలినా వెన్ను చూపని ఒక సేనాని, నెత్తురోడుతున్న కాలీడ్చుకుంటూ కోటగుమ్మం దాకా నడిచాడని రాశాను. ఏ సేనానో, ఏ కోటో రాయలేదు. అక్కడ అలాంటివి అడిగేవాళ్ళు ఉండరని నాకు తెలుసు. చదివి కమాండరుగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

ఆ ఉత్సవానికి మా మామగారిని కూడా పిలిచారు. ఆయన అందరికంటే ముందే రిటైరయ్యారు. ఎందుకో నేను అడగలేదు. ఆరోగ్యం గురించి ముందే చెప్పాను కదా! రిటైరైన దగ్గర్నుంచీ ఆయన మా ఇంట్లోనే ఉంటున్నారు, ఆ గేటు వైపు వెళ్ళలేదు. పిలుపు రాగానే మాత్రం పొద్దున్నే లేచి బూట్లకి పాలిష్ పెట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు వాటిలో చూసుకున్నారు. “ఒక్కసారి మా పరేడు చూసొస్తే చాలమ్మా” అని కూతురితో అన్నారు. మా ఆవిడకి ఒకటే బెంగ, అంతసేపు నాన్న నిలబడగలరా అని.

ఎందుకంటే పటాలంలో రిటైరైన సిపాయిలు తాడు వెనక నిలబడే పరేడు చూడాలి. మొట్టమొదటి పరేడులో వాళ్ళు నిలబడే చూశారట. అప్పటికి పటాలంలో కుర్చీలు లేవు. ఇప్పుడు వరసలు వరసలుగా ఉన్నాయి, అయితే అవి గౌరవ అతిథులకు.

అడక్కముందే చెప్పేస్తున్నాను, నాకు కుర్చీ దొరికింది. చరిత్రకారుణ్ణి కదా! చాలా మెత్తగా ఉంది కూడా. తాడు వెనక మామగారి మొహం చూసి లేచివెళ్ళి, “మామగారూ, మీరు వచ్చి కూర్చోండి” అన్నాను.

“తప్పండీ, అల్లుడుగారూ. రిటైరైనవాళ్ళు అక్కడ కూర్చోకూడదు. కూర్చున్నవాళ్ళని నేనే ఎన్నోసార్లు లేపి పంపించాను” అన్నారాయన.

నేను ఒక్కసారి బతిమాలి, రెండోసారి బతిమాలబోయి, కుర్చీ ఎవరైనా తీసేసుకుంటారేమోనని గబగబా వెనక్కి వచ్చేశాను. రాసేటప్పుడు ఎంత వీరుడినో కూర్చోవడంలోనూ అంతే వీరుణ్ణి.

పరేడు చివర వీరనడక మొదలైంది. టక్, టక్, సర్‌ర్. నా పక్కనున్న అతిథికి గుండు దెబ్బ సేనాని కథ మంచి ఊపులో చెబుతున్నాను. అప్పుడు తాడు వెనక నుంచి మామగారి గొంతు వినపడింది. “ఎవడు నేర్పాడే వీళ్ళకీ దరిద్రపు నడక? నేనున్నప్పుడు ఇలా నడిస్తే మైదానం చుట్టూ పరిగెత్తించేవాణ్ణి!”

కథ తెలియక అలా అంటున్నారని నేను లేచి తాడు దగ్గరికి వెళ్ళాను, ఆయనకి కూడా చరిత్ర బోధిద్దామని. ఆయన పక్కనే నిలబడ్డ మా ఆవిడ నా వైపు చూడనే లేదు. మైదానం వైపే చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు.

“నాన్నా, అది నీ నడకే” అంది.

మామగారు కుడికాలి మీద బరువు పడకుండా తాడు పట్టుకుని నిలబడ్డారు, అంతే.

రోజూ పొద్దున్నే పేపరు కోసం ఆయన హాల్లోకి వస్తుంటే గచ్చు మీద వినపడే చప్పుడు ఇదే. టక్, టక్, సర్‌ర్. ఇన్నేళ్ళుగా వింటున్నాను. దాన్ని నెత్తురోడే సేనాని కాలికి తగిలించిన మహా చరిత్రకారుణ్ణి నేనే!

ఇంటికి వెళ్ళేదారిలో మామగారిని పిండితే గానీ సంగతి బయటికి రాలేదు. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు గంతులు వేసి వేసి ఆయన మోకాలు అరిగిపోయింది. ఆ నొప్పి మీదే ముందు నిలబడి తన చివరి పరేడు నడిపించారు. దాన్ని వీడియో తీశారు. తర్వాత వచ్చిన మాస్టారు కొత్తవాళ్ళకి ఆ వీడియో వేసి, ఇదీ పద్ధతి అని చూపించాడు. ముందున్నాయన ఎలా నడిస్తే వెనకవాళ్ళు అలా నడవాలి కదా. ఎందుకు అని ఒక్కడూ అడగలేదు.

“మరి మీరెందుకు ముందే రిటైరయ్యారు?” అని జీవితంలో మొదటిసారి అడిగాను.

“రిటైరవలేదండీ. కాలీడ్చేవాడు పరేడుకి పనికిరాడని ఇంటికి పంపేశారు” అన్నారు మామగారు, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ‘ఎందుకు’ అని అడిగితే ఏమవుతుందో మీకు మొదటే చెప్పాను.

మర్నాడే కమాండరుగారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. మీరు మనిషిని ఇంటికి పంపేసి ఆయన కుంటినడకను ఉంచుకున్నారు, పోనీలెండి, ఆ మోకాలికి ఒక్క కుర్చీ వేయించండి అని వేడుకున్నాను. కమాండరుగారు మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నా రెండు చేతులూ పట్టుకుని, “తప్పకుండా! కుర్చీ మీద ఒక ఫలకం కూడా పెట్టిస్తాం. ఏం రాయాలో మీరే చెప్పండి” అన్నారు. ఈసారి సేనానులూ కోటలూ లేకుండా, ఎంత తెలివితక్కువవాడికైనా అర్థమయ్యేలా ఒకే ఒక్క మాట రాసిచ్చాను. ‘కూర్చోండి.’

ఈ ఏడాది ఉత్సవానికి మామగారిని నేనే బలవంతంగా బయల్దేరదీశాను. కుర్చీ నిజంగానే వేశారు! టేకు కుర్చీ, ఎర్ర వెల్వెట్ దిండు, ఇత్తడి ఫలకం మీద మెరుస్తున్న అక్షరాలు. దాని చుట్టూ తాడు కట్టి, పక్కన తుపాకీతో ఒక సిపాయిని నిలబెట్టారు. వచ్చినవాళ్ళంతా వరసలో నిలబడి, ‘కూర్చోండి’ అని భక్తిగా చదువుకుని, ఆ కుర్చీకి సెల్యూట్ కొట్టి వెళ్ళిపోతున్నారు.

“వీరనడక మొదలుపెట్టిన మహానుభావుడి కుర్చీ. దీంట్లో ఎవరూ కూర్చోకూడదండీ. సంప్రదాయం” అన్నాడు సిపాయి. వేసి వారం కూడా కాలేదు!

“మామగారూ, అది ఆర్డరు. ఇత్తడి మీద రాసి ఉంది. తాడు దాటి కూర్చోండి, నేను చూసుకుంటాను” అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలీదు.

ఆయన ఫలకం రెండుసార్లు చదివారు. “బాగా రాశారండీ” అన్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. “నేను కూర్చుంటే ఈ అబ్బాయికి మాటొస్తుంది. అయినా, అల్లుడుగారూ, నాకిచ్చిన ఆర్డరు ఇది కాదు. ఇంటికెళ్ళమని ఇచ్చారు. దాన్ని ఇంకా ఎవరూ రద్దు చెయ్యలేదు.”

చెప్పి, మడమలు దగ్గరికి చేర్చి, తన కుర్చీకి తనే సెల్యూట్ చేశారు. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఈసారి గౌరవ అతిథుల వరసలో నా పేరు రాసిన కుర్చీ ఖాళీగానే ఉంది, నేను వాళ్ళిద్దరితో కలిసి తాడు వెనకే నిలబడ్డాను. ఇదేదో త్యాగం అనుకునేరు, బ్యాండు రెండో పాటకే నా నడుం పట్టేసింది. మామగారే నన్ను ఆనించుకున్నారు.

పరేడు అయ్యాక ముగ్గురం గేటు వైపు నడిచాం. వెనక మైదానంలో బ్యాండు ఇంకా మోగుతోంది. మామగారి కాలు దానికి సరిగ్గా కలిసింది. టక్, టక్, సర్‌ర్. గేటు దగ్గర కాపలా సిపాయి అది చూసి ముచ్చటపడిపోయాడు.

“భలే పట్టేశారే, పెద్దాయనా, మా నడక! కాకపోతే కుడికాలు ఇంకాస్త ఈడ్చాలి. అలా తేలిగ్గా వదిలేస్తే మా మాస్టారు ఒప్పుకోరు” అన్నాడు.

నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కింది. మామగారు ఆగి, ఆ అబ్బాయిని పైనుంచి కిందికి డ్రిల్ మాస్టారు చూసినట్టు చూసి, అతని కాలరు సర్దారు.

“అలాగే నాయనా, ప్రాక్టీసు చేస్తాను” అన్నారు.

గేటు దాటి, అతను చెప్పినట్టే కుడికాలు ఇంకాస్త ఈడ్చి నడిచారు.

“ఆఁ! ఇప్పుడు కుదిరింది!” అని వెనకనుంచి సంతోషంగా అరిచాడు కాపలా సిపాయి.