పన్నెండు సంతకాలు, ఒక బీరువా

"తేదీ విషయంలో మాత్రం నేనొప్పుకోను," అంది కోడలు మూడోసారి.

"నువ్వు ఒప్పుకునేదేముంది? వాళ్లే వేసుకుంటారు. కొత్త పత్రం మీద పాత సంతకాల తేదీ. అంతే కదా!" అన్నాడు భర్త, చల్లారిపోయిన కాఫీని అలాగే చేత్తో పట్టుకుని.

ముందురోజు సాయంత్రం మొదలైన వాదన ఇది. కోడలు కాలేజీలో గ్రాంట్ల అధికారి. గ్రాంటు తీసుకున్న ప్రతి పరిశోధనా, నిబంధనల ప్రకారం నడుస్తోందో లేదో చూడటం ఆమె ఉద్యోగం. భర్త అదే కాలేజీలో సైకాలజీ చెప్తాడు. పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి మీద రెండేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. పార్కులో పొద్దున్నే నడవడానికి వచ్చే పన్నెండు మందికి బొమ్మలు చూపించి, వారం పోయాక ఎన్ని గుర్తున్నాయో రాసుకుంటాడు. పన్నెండు మందీ సమ్మతి పత్రం మీద సంతకాలు చేశారు. కాకపోతే, పరిశోధనల్ని పరిశీలించే కాలేజీ కమిటీ ఆ పత్రాన్ని మార్చి నాలుగు పేజీలు చేశాక కూడా, ఈయన సొరుగులో మిగిలిపోయిన పాత కట్టనే వాడేశాడు. ఇవాళ పదకొండింటికి గ్రాంటు ఇచ్చిన సంస్థ నుంచి పరిశీలకురాలు వస్తోంది. ఆవిడ కాదంటే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

"రెండేళ్ల కష్టం. ఒక్క తేదీ కోసం ముంచేస్తావా?"

"ముంచింది నేను కాదు, మీ సొరుగు. కొత్త పత్రం, ఇవాళ్టి తేదీ. జరిగిన పొరపాటు ఒక పేజీలో రాసి ఆవిడ అడక్క ముందే నేనే చేతికిస్తాను. ఒప్పుకుంటే దిద్దుకోమంటారు, దాస్తే మూసేస్తారు. నాకు తెలుసు."

చెప్పులు వేసుకుంటున్న అత్తగారు తల తిప్పి చూసింది. ఆవిడ ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఆ పన్నెండు మందీ ఆవిడతో కలిసి నడిచేవాళ్లే. పరిశోధనలో తనూ చేరతానంటే, పరిశోధకుడి తల్లి పనికిరాదని కోడలే పేరు కొట్టేసింది. ఆ సంగతి ఆవిడ మరచిపోలేదు.

"అత్తయ్యా, ఈ పత్రాలు వాళ్లకిచ్చి కాస్త చదివి వినిపిస్తారా? తొమ్మిదింటికి నేనొచ్చి సంతకాలు తీసుకుంటాను."

"బొమ్మలు చూడ్డానికి పనికిరాను గానీ, కాగితాలు మొయ్యడానికి పనికొచ్చానన్నమాట."

"మొయ్యడం ఒక్కటే కాదండీ. ప్రతి ముక్కా అర్థమైందో లేదో అడగాలి. ఆ తర్వాతే సంతకం."

ఆ చివరి మాట ఎవరితో అంటున్నానో కోడలు ఒక్క క్షణం ఆలోచించుకుని ఉండాల్సింది.

తొమ్మిదింటికి ఆమె పార్కుకి వెళ్లేసరికి ఒక్క సంతకమూ పడలేదు. రెండు బెంచీల మీద పన్నెండు మందీ బుద్ధిగా కూర్చున్నారు. అత్తగారు ఎదురుగా నిలబడి ఉంది.

"మూడో పేజీ, రెండో పేరా. 'కారణం చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చు.' అంటే ఏమిటి? మీరు చెప్పండి."

"నచ్చకపోతే ఏ స్టాపులోనైనా దిగిపోవచ్చండీ," అన్నాడు ఒకప్పటి బస్సు డ్రైవరు.

"కరెక్ట్."

"అయితే నేను దిగిపోతా," అంది దర్జీ ఆవిడ. "ఆ బొమ్మల్లో గుర్రం మొహం నాకు నచ్చలేదు."

"కారణం చెప్పక్కర్లేదని ఇప్పుడే కదమ్మా చదివాం! మళ్లీ మొదటికొచ్చావా?"

చివరి బెంచీలో ముసలి వడ్రంగి చెయ్యెత్తాడు. "నాలుగో పేజీలో మన వివరాలు తాళం వేసిన బీరువాలో ఉంచుతామని రాశారు. ఆ బీరువా మీలో ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూడలేదు.

"చూడకుండా సంతకం ఎలా పెడతాం?"

తర్వాత చూపిస్తానని కోడలు అనబోయింది. కానీ సంతకానికి ముందే అన్ని సందేహాలూ తీర్చాలని మొదటి పేజీలో ఉంది. ఆ వాక్యం రాసింది ఆమే. భర్తకు ఫోను చేసింది.

"పన్నెండు మందీ మీ బీరువా చూడ్డానికి వస్తున్నారు. తాళం ఉంది కదా?"

"తాళమా? తాళానికేం, భేషుగ్గా ఉంది," అన్నాడాయన, అవసరమైనదానికన్నా తొందరగా.

వాళ్లంతా కాలేజీ వరండాలోకి వచ్చేసరికి, పరిశీలకురాలు ప్రిన్సిపాల్‌తో కలిసి ఎదురొచ్చింది. అరగంట ముందే దిగిందావిడ.

"ఎవరమ్మా వీళ్లంతా? ధర్నానా?" ప్రిన్సిపాల్ కోడలి చెవిలో గొణిగాడు.

"పరిశోధనలో ఉన్నవాళ్లండీ. బీరువా చూస్తారట."

"నేనూ చూస్తాను," అంది పరిశీలకురాలు.

గదిలో భర్త ఇత్తడి తాళాన్ని అందరికీ కనిపించేలా తిప్పి తీశాడు. లోపల ఫైళ్లు వరసగా ఉన్నాయి. అందరూ తలలూపారు, వడ్రంగి తప్ప. ఆయన బీరువా పక్కన వేళ్లతో కొట్టి, చెవి ఆనించి విని, "కొంచెం పట్టండి," అని డ్రైవరు సాయంతో ముందుకు లాగాడు. వెనక చెక్క దబ్బున గోడవారగా పడింది. ఆ సందులోంచి చెయ్యి పెట్టి, ముందు నుంచున్న పరిశీలకురాలికి ఒక ఫైలు అందించాడు.

"ముందు తాళం, వెనక రాచబాట," అంది అత్తగారు.

"వెనక గోడ ఉంది కదా అనీ..." భర్త నసిగాడు.

కోడలు సంచిలోంచి తను రాసిన పేజీ తీసి పరిశీలకురాలికిచ్చింది. "సంతకాలు పాత పత్రం మీద ఉన్నాయండీ. అది మా తప్పు. కొత్తది చదువుతున్నారు, ఇంకా పెట్టలేదు. బీరువా సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. అదీ రాసేస్తాను."

"బీరువా చూశారుగా. మరి ఇప్పుడు పెడతారా?" పరిశీలకురాలు పన్నెండు మందినీ అడిగింది.

"మేకులు కొట్టకుండా ఎవరు పెడతారండీ!" అన్నాడు వడ్రంగి.

భర్త కుర్చీలో కూలబడ్డాడు. రెండేళ్ల కష్టం ఆ మేకులతో పాటే ఊడిపోయిందనుకున్నాడు. పరిశీలకురాలు మాత్రం కళ్లజోడు తీసి డ్రైవరుని అడిగింది, "ఈ పరిశోధన మీకు ఇష్టం లేకపోతే ఏం చేస్తారు?"

"దిగిపోతానండీ. కారణం చెప్పను. ఆపే హక్కు వాళ్లకి లేదు. మూడో పేజీ."

"ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నాను," అందావిడ మెల్లిగా. "సంతకాలన్నీ ఉన్న కాలేజీలు బోలెడు చూశాను. ఆ సంతకం ఎందుకు పెట్టారో చెప్పగలిగిన మనిషి ఇవాళ దొరికాడు."

బీరువా బాగు చేసి, కొత్త సంతకాలు తీసుకుని పరిశోధన కొనసాగించవచ్చని అక్కడే రాసిచ్చింది. వడ్రంగి పావుగంటలో చెక్క బిగించాడు. పదకొండు మంది ఇవాళ్టి తేదీ వేసి సంతకాలు పెట్టారు. దర్జీ ఆవిడ దిగిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

వెళ్లబోతూ పరిశీలకురాలు ప్రిన్సిపాల్‌ని నిలదీసింది. "మీ కమిటీలో కాలేజీ జీతం తీసుకోని సభ్యులు ఒకరుండాలి. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉంది?"

"నాలుగు పేజీలు చదివే మనిషి దొరకలేదండీ," అన్నాడు ప్రిన్సిపాల్. అని, ఎందుకో అత్తగారి వైపు చూశాడు.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక, మనవరాలికి వడ్డిస్తూ అత్తగారు మామూలుగా అంది, "వచ్చే నెల నుంచి నేను కాలేజీ కమిటీలో కూర్చుంటున్నాను. సరేనని రాసిచ్చేశాను."

భర్త ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. కోడలు తేరుకుని, "అదెలా అత్తయ్యా? ఈయన ఫైలు వస్తే?" అంది.

"కమిటీ నిబంధనలు, ఏడో పేజీ. సొంతవాళ్ల ఫైలు వస్తే సభ్యులు బయటికి వెళ్లాలి. వెళ్తాను. వరండాలో కుర్చీ కూడా చూసుకున్నా."

"మరి అమ్మ పని కమిటీ ముందుకొస్తేనో, నానమ్మా?" అని అడిగింది మనవరాలు.

"అది చూడ్డానికేగా నన్ను వేసుకుంది."

ఆ ఏడో పేజీ రాసిన రోజున సొంతవాళ్ల జాబితాలో భార్యాభర్తల్నీ, కన్నబిడ్డల్నీ, తోబుట్టువుల్నీ చేర్చిన కోడలికి, అత్తాకోడళ్లు మాత్రం తోచలేదు.