పగుళ్ల తొలగింపు ఉపసంఘం

భూమి పొరలు కోట్ల ఏళ్లపాటు ఎవరి అనుమతీ లేకుండా పేరుకుపోయాయి. ఆ విచ్చలవిడితనాన్ని అదుపులో పెట్టడానికే రాజమండ్రిలో సముద్రగర్భ చిత్రాల విభాగం వెలసింది.

పని సులువే. సముద్రం అడుగున సెన్సార్లు పరిచి, పైనుంచి శబ్దం పంపుతారు. పొరలకు తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కంప్యూటర్లో వడపోసి బొమ్మ చేస్తారు. ఆ బొమ్మ చూసి గ్యాస్ ఎక్కడుందో రమ్యశ్రీ చెప్పాలి. (ఎక్కడుండాలో పైవాళ్లు ముందే చెబుతారు.)

ఆ సోమవారం రమ్యశ్రీకి బొమ్మలో పొరలను చీలుస్తూ నిలువునా ఒక పగులు కనబడింది. పగులుకి తూర్పున గ్యాస్, పడమట ఉప్పునీళ్లు. బావి తవ్వబోయేది పడమట. ఇంకా ప్రొబేషన్లో ఉన్న పిల్ల కనుక, చూసింది చూసినట్టు రాసి పైకి పంపేసింది.

మేనేజరు అచ్యుతరామరాజు గారు పిలిపించారు. భీమవరం మనిషి, మాట మెత్తన. కాఫీ తెప్పించి, ఆ చోటికి తానే బోటెక్కి వెళ్లి కొబ్బరికాయ కొట్టొచ్చానని, శిలాఫలకం మీద అక్షాంశ రేఖాంశాలు కూడా చెక్కేశారని, రాయిని మార్చడం కన్నా బొమ్మను మార్చడం తేలికని వివరించారు.

"అక్కడ తవ్వితే నీళ్లే వస్తాయండి," అంది రమ్యశ్రీ.

"కనబడిందల్లా రాసేయడమేనా అమ్మా? పెద్దవాళ్లకి ఒకమాట చెప్పుకోవద్దూ? నిన్ను పర్మనెంట్ చేసే ఫైలు కూడా నా టేబుల్ మీదే ఉంది కదా తల్లీ."

మధ్యాహ్నానికల్లా పగుళ్ల తొలగింపు ఉపసంఘం సమావేశమై, సదరు పగులు వట్టి నాయిస్ అని ఏకగ్రీవంగా తీర్మానించింది. డేటా వడపోసే ఉదయ్‌కుమార్ ఫిల్టర్ వేశాడు. పగులు కాస్త తగ్గింది. మళ్లీ వేశాడు, ఇంకోసారి వేశాడు. చివరికి పొరలన్నీ ఇస్త్రీ పంచెలా వచ్చాయి. (ఆ ఊపులో గ్యాస్ కూడా తుడుచుకుపోతే, దాన్ని చేత్తో గీసి పడమట పెట్టారు.)

సంతకం దగ్గర రమ్యశ్రీ మొరాయించింది.

"మనకెందుకండి మేడమ్," అన్నాడు ఉదయ్‌కుమార్. "సముద్రం వచ్చి సాక్ష్యం చెబుతుందా ఏంటి?"

ఆమె పెట్టలేదు. పెట్టేవాళ్లకి ఆ ఆఫీసులో కొదవ లేదు.

బావి తవ్వారు. ఉప్పునీళ్లు పడ్డాయి, అదీ ధారాళంగా.

విచారణ సంఘం అందరినీ పిలిచి అడిగింది. పగులు సంగతి రాజుగారికి తెలియదు. ఉపసంఘానికి తెలియదు. ఉదయ్‌కుమార్ చేసిన బొమ్మలో అది అసలు లేనే లేదు. ముందే తెలిసింది రమ్యశ్రీ ఒక్కదానికే. ఇంతమందికి తెలియనిది ఆమెకెలా తెలిసిందన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు, బొమ్మ చూశానండీ అన్నది, సంతృప్తికరంగా లేదని సంఘం రాసుకుంది.

ఆమె ఉద్యోగం పోయింది. ఆ తర్వాత బంగాళాఖాతంలో ఎక్కడా పగులన్నది కనబడలేదు.