రోగం కావలసిన చేను

పదకొండు గంటలకు తిరుపతి నుంచి కొత్త విత్తనాలను పరీక్షించే కమిటీ వస్తుంది. ఆలోగా తన అరెకరం మినుము చేను కంటికి ఇంపుగా ఉండాలన్నది ఆ ఉదయం వరదయ్య పెట్టుకున్న పని. పాకాలలో విత్తనాల కొట్టు ఆయనది. నేల ఆయనదే గాని పంట శాస్త్రవేత్త ప్రసన్నకుమారిది. ఆకులు పసుపు తిరిగే పల్లాకు తెగులును తట్టుకునే కొత్త రకం కోసం ఆమె ఆరేళ్లు పడిన పాటు ఫలించిందో లేదో ఈరోజు తేలాలి.

ఏడింటికి వెళ్లి చూస్తే మూడు వరసలకొకటి పసుపు పూసినట్టుంది. ఇది కమిటీ కంట పడితే ప్రసన్నకుమారి పని అయిపోయినట్టే అనుకున్నాడు వరదయ్య. భార్య చెంగమ్మతో పాటు నలుగురు కూలి ఆడవాళ్లను దింపి, పసుపు తిరిగిన ప్రతి మొక్కనూ పెరికించాడు. ఐదుగురి రెండు గంటల చాకిరీకి కూతురులాంటి పిల్ల పరువు దక్కింది. ఎటు చూసినా లాభమే అనుకున్నాడు.

తొమ్మిదిన్నరకు వచ్చిన ప్రసన్నకుమారి గట్టు మీద కూలబడింది.

"నా రోగం మొక్కలు యాడ పెదనాయనా?"

"పెరికి గొడ్లకేసేసినామమ్మా. ఇప్పుడు సూడు, చేను కడిగినట్టుండాది."

"తెగులు తొందరగా పట్టే పాత రకాన్ని కావాలనే మధ్యలో ఏసినా. పక్కనే రోగముండినా కొత్తది తట్టుకుంటాదని సూపించాల. రోగమే లేకుంటే దేన్ని తట్టుకునిందని చెప్పేది?"

వరదయ్య జీవితంలో మొదటిసారి రోగం అడుక్కోవడానికి బయలుదేరాడు. పక్క చేను ధనంజయది.

"నాలుగు తెగులు మొక్కలియ్యప్పా, వేర్లతో తీసుకపోయి నాటుకుంటా."

"నా సేన్లో తెగులా? యాడుండాది?"

"నిన్న నా కొట్లో కూసోని ఏడిస్తివే."

"నిన్న మందు కోసం ఏడిస్తి. రేపు మినుములు కొనేదీ నువ్వే గదా. తెగులని నా నోటితో చెప్తే రేటు కోస్తావు."

మరో మూడు చేలల్లోనూ అదే జవాబు. నిన్నటిదాకా ఊరంతా ఉన్న తెగులు ఆయన అడిగేసరికి మాయమైంది.

వట్టి చేతులతో తిరిగొస్తే, కమిటీ పెద్ద గుణశేఖర్ అప్పటికే చేలో వంగి ఖాళీలు లెక్కపెడుతున్నాడు.

"ఎవరు పెరికినారు?"

"మా ఆడోళ్లు సార్. తప్పు నాది, పాపది కాదు."

"ఏ వరసలో ఏ రకమో వాళ్లకు తెలుసా?"

"మాకేం తెలుసు సార్," చెంగమ్మ అందుకుంది. "పసుపు తిరిగింది పెరికినాం, బాగుండేది వదిలినాం."

గుణశేఖర్ లేచి నిలబడి నవ్వాడు. పాత రకం వరసలు నున్నగా బోసిపోయాయి. కొత్త రకంలో ఒక్క మొక్కా పోలేదు. "రకం పేరు తెలియకుండా తీసిన లెక్క. ఇంత నిక్కచ్చిగా మాకే కుదరదమ్మా," అంటూ కొత్త రకానికి ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టాడు.

ప్రసన్నకుమారి కళ్లు తుడుచుకుంది. వరదయ్య చేయి మీసం మీదికి పోయింది.

"అంత రోగిష్టి విత్తనం యాడ పట్టినావమ్మా?"

"మీ కొట్లోనే, పెదనాయనా."

వరదయ్య మర్నాడే ఆ పాత రకం విత్తనాల మూటలు కొట్లోంచి తీసేసి, కొత్త రకం కావలసినవాళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు, చేలో తెగులే లేని ధనంజయది.